తెల్లారేసరికి పోయే సెట్టింగు

ప్రశ్న: మా ఇంట్లో 2003లో కొన్న మూడు సీడీల మినీ సిస్టమ్ ఒకటి ఉంది. మావారు పోయాక అటకెక్కింది. సంక్రాంతికి మా అబ్బాయి దింపి, తుడిచి, హాల్లో పెట్టాడు. పొద్దున ఐదున్నరకి సుప్రభాతం పెట్టుకుంటాను. మొదట్లో మాట వినబడకుండా ఒకటే డమడమ. వాడే కూర్చుని నా చెవికి ఇంపుగా సరిచేసి, ‘ఇక ముట్టుకోకమ్మా’ అని పుణె వెళ్లిపోయాడు. మర్నాడు ఆన్ చేస్తే మళ్లీ డమడమే. వాడు ఫోన్లో చెప్తుంటే నొక్కి సరిచేసుకున్నాను, తెల్లారేసరికి మళ్లీ పోయింది. సీడీ పాడైందా, సెట్టు పాడైందా? మా వీధి చివర షాపతను బోర్డు మార్చాలి, మూడున్నర వేలవుతుంది అంటున్నాడు.
— విశ్రాంత ఉపాధ్యాయురాలు, పెరంబూర్, చెన్నై

జవాబు: అమ్మా, ఆ మూడున్నర వేలు అలాగే ఉంచండి. ముందు నా ప్రశ్నకి జవాబు చెప్పండి. రాత్రి పడుకోబోయే ముందు గోడ మీద స్విచ్చు కట్టేస్తున్నారా? మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు. కానీ గ్యాసు, మోటారు, టీవీ స్విచ్చు మూడూ చేత్తో తడిమి చూసుకుంటే గానీ మా అమ్మ పక్క ఎక్కేది కాదు. ఇలాంటి సెట్లు నా బల్ల మీదికి చాలా వచ్చాయి. వాటిలో సగం జబ్బు యంత్రానిది కాదు, రాత్రి కట్టేసిన స్విచ్చుది.

సీడీ సంగతి ముందు తేల్చేద్దాం. దానికేమీ కాలేదు. షాపులో కొన్న సీడీ అచ్చయిన పుస్తకం లాంటిది. సెకనుకు 44,100 సార్లు కొలిచిన శబ్దం అందులో గుంటలుగా అచ్చుపడి ఉంటుంది. ప్లేయర్లో లేజరు వాటిని చదువుతుందే గానీ కొత్తగా ఒక్క అక్షరం రాయలేదు. మీ అబ్బాయి చేసిన సర్దుబాటంతా సెట్టులోనే ఉంది, సీడీలో లేదు. కావాలంటే అదే సీడీని పక్కింటివాళ్ల సెట్టులో వేసి చూడండి, వాళ్ల సెట్టింగుతోనే మోగుతుంది.

సరే, సెట్టు దాన్ని ఎక్కడ దాచుకుంటుంది? రెండు రకాలున్నాయి. ఒక రకం సెట్లలో ఎనిమిది కాళ్ల చిన్న మెమరీ చిప్పు ఉంటుంది. అందులో ఒకసారి పడ్డది కరెంటు లేకపోయినా ఏళ్ల తరబడి చెరగదు. రెండో రకంలో సెట్టుని నడిపించే చిప్పు, అంటే కంట్రోల్ ఐసీ దగ్గరే తాత్కాలికంగా గుర్తుంటుంది, కరెంటు పోతే అదీ పోతుంది. పోకుండా కాసేపు కాపాడటానికి పక్కన ఒక కెపాసిటర్, అంటే కాస్త కరెంటు దాచుకునే భాగం పెడతారు. చొక్కా గుండీ కంటే కాస్త పెద్దది, గుండ్రంగా, నల్లగానో నీలంగానో ఉంటుంది. మీద 5.5 వోల్టులు అని, పక్కనే 0.047 ఎఫ్ అనో 0.1 ఎఫ్ అనో రాసి ఉంటుంది. ప్లగ్గు పీకాక ఐసీకి ప్రాణం నిలబెట్టేది అదొక్కటే. కొత్తలో రాత్రంతా, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు కూడా లాగుతుంది. ఇరవై ఏళ్లకి, అందులోనూ మన మద్రాసు ఉక్కకి, లోపల ఎండిపోతుంది. అప్పుడు గంట కూడా నిలవదు. మీది ఈ రకమనే నా అనుమానం. గడియారం కూడా రోజూ సున్నాలు కొడుతుంటే అనుమానం కూడా అక్కర్లేదు.

షాపుకి మోసుకెళ్లే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. సెట్టింగు సరిచేసుకుని, రిమోట్ మీద పవర్ బటనుతో ఆపండి. గోడ స్విచ్చు జోలికి వెళ్లకండి. రెండు నిమిషాలాగి మళ్లీ ఆన్ చేయండి. అప్పుడే పోయి ఉంటే అది అసలు సేవ్ కాలేదన్నమాట. ఎందుకు కాలేదో కింద చెప్తాను. నిలిచి ఉంటే ఈసారి రిమోట్‌తో ఆపి, గోడ స్విచ్చు ఒక్క నిమిషం కట్టి, మళ్లీ వేసి చూడండి. ఒక్క నిమిషానికే పోయిందంటే కెపాసిటర్ పూర్తిగా చచ్చింది. నిమిషానికి నిలిచి రాత్రికి పోతోందంటే కొనఊపిరితో ఉంది. ఈ రెంటికీ బోర్డు మార్చక్కర్లేదు. ఆ ఒక్క భాగం ఊడదీసి, అదే వోల్టేజిది, అదే విలువది కొత్తది వేస్తే చాలు. ప్లస్సు, మైనస్సు చూసి వేయాలి. రిచీ స్ట్రీట్‌లో విడిభాగాలు అమ్మే ఏ కొట్లో అడిగినా బ్యాకప్ కెపాసిటర్ అంటే ఇస్తారు. భాగం ఖరీదు తక్కువే, సెట్టు విప్పి మళ్లీ బిగించే కూలీయే ఎక్కువ.

ఈ విషయంలో నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. పనిలోకి వచ్చిన కొత్తలో, అంటే ముప్ఫై ఏళ్ల కిందటి మాట, సరిగ్గా ఇదే ఫిర్యాదుతో ఒక సెట్టు వస్తే కంట్రోల్ ఐసీ పోయిందని తేల్చేశాను. పాత సెట్టు ఒకటి కొని, దాని బోర్డు పీకి ఇందులో వేశాను. ఆ పెద్దాయన దగ్గర డబ్బు కూడా పుచ్చుకున్నాను. వారం తిరక్కుండా మళ్లీ పట్టుకొచ్చాడు, అదే జబ్బు. పాత సెట్టులోంచి తీసిన బోర్డు మీద ఉన్న కెపాసిటరూ అంత పాతదే మరి! అప్పుడు మా మేస్త్రి బోర్డుని దీపం కిందికి తిప్పి, ఆ నల్ల గుండీ కాళ్ల దగ్గర రాగి గీత పచ్చబడి ఉండటం చూపించాడు. లోపలి మందు కారి రాగిని తినేస్తోంది. స్పిరిట్‌తో కడిగి, తెగిన గీత మీద సన్నటి తీగ అతికి, కొత్తది వేసేసరికి పావుగంట పట్టింది. పెద్దాయన డబ్బు తిరిగిచ్చేశాం. మీ షాపతన్ని తిట్టను గానీ, ‘బోర్డు మార్చే ముందు బ్యాకప్ కెపాసిటర్ కింద రాగి పచ్చబడిందేమో చూడు బాబూ’ అని అడగండి. అడిగారంటే చూస్తాడు.

ఒక జాగ్రత్త. కొందరు ఆ కెపాసిటర్ తీసేసి గడియారంలో వేసే మూడు వోల్టుల బిళ్ల సెల్లు అతికిస్తారు, ‘ఇది ఏళ్లొస్తుంది సార్’ అంటారు. వద్దనండి. కెపాసిటర్ ఉన్న చోట సెట్టు ఆన్‌లో ఉన్నంతసేపూ దాన్ని ఛార్జి చేస్తూనే ఉంటుంది. ఆ బిళ్ల సెల్లు ఛార్జింగుకి పనికొచ్చేది కాదు. ఉబ్బుతుంది, కారుతుంది, పగిలినా పగులుతుంది.

ఇక సేవ్ చేయడం. చాలామంది ఇక్కడే తప్పుతారు. రిమోట్ మీద ఈక్యూ (ఈక్వలైజర్, శబ్దాన్ని సర్దేది) బటను నొక్కితే రాక్, పాప్, జాజ్, క్లాసిక్ అని వరసగా వస్తాయి. అవి కంపెనీ పెట్టి పంపినవి. వాటి మీద మీరు చేసిన మార్పు, వేరే పేరుకి మారగానే ఎగిరిపోతుంది. యూజర్ అనో, మాన్యువల్ అనో, పర్సనల్ అనో ఒక పేరు వచ్చేదాకా వెళ్లండి. మీ లెక్క నిలిచేది అక్కడే. పైకీ కిందికీ బాణాలతో గీతలు సరిచేశాక ఊరికే వదిలేయకండి. కొన్ని సెట్లు ఎంటర్ నొక్కమంటాయి, కొన్ని మెమరీ బటను రెండు మూడు సెకన్లు నొక్కిపట్టమంటాయి. నొక్కకుండా పది సెకన్లు ఊరుకుంటే అక్కర్లేదేమో అనుకుని తెర మామూలుగా అయిపోతుంది. ఒకటి నుంచి ఐదు దాకా నంబర్లు చూపించే సెట్లయితే ఏదో ఒక నంబరు ఎంచుకుని, తర్వాతే ఎంటర్ నొక్కాలి. మీ అబ్బాయి ‘రాక్’ మీదే గీతలు మార్చి వెళ్లుంటాడని నాకో చిన్న అనుమానం. ఫోన్ చేసినప్పుడు అడగండి.

ఇంకోటి. మెమరీ చిప్పు ఉన్న సెట్లలో చాలావాటికి కొత్త లెక్కని చిప్పులోకి ఎక్కించేది రిమోట్‌తో ఆపినప్పుడే. పాట మోగుతుండగా గోడ స్విచ్చు టక్కున కట్టేస్తే ఆ రాసుకునే పని జరగనే జరగదు. అందుకని ముందు రిమోట్‌తో ఆపి, తెర చీకటయ్యాక ఐదంకెలు లెక్కపెట్టి, ఆ తర్వాతే గోడ స్విచ్చు.

గోడ స్విచ్చు ఆపొద్దు అని మాత్రం నేను అనను. రాత్రంతా నిద్రలో కూడా ఈ పాత సెట్లు కాస్త కరెంటు తాగుతూనే ఉంటాయి. పది వాట్లు తాగే సెట్టుని ఏడాది పొడుగునా అలా వదిలేస్తే దాదాపు 88 యూనిట్లు. పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో, ఉరుములప్పుడు, ప్లగ్గు పీకేయడమే మంచిది. స్విచ్చు ఆపితే చాలదు, పీకాలి. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను కొట్టాక మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. వచ్చాక షాపుకి వరసకట్టిన సెట్లలో కొన్ని నిజంగానే కాలిపోయినవి. మిగతావి ‘అన్నా, సెట్టింగులన్నీ పోయాయి’ రకం. ఆ రెండో రకానికి నేనేమీ తీసుకోలేదు, ఒక కాగితం మాత్రం ఇచ్చాను.

ఆ కాగితం మీకూ చెప్తాను. సెట్టింగు మీకు నచ్చినట్టు కుదిరిన రోజున తెర మీద గీతలు చూసి, సీడీ డబ్బా లోపలి అట్ట వెనక పెన్సిలుతో రాసుకోండి. మీ సెట్టులో ఐదు గీతలుంటే బహుశా 100, 330, 1కె, 3.3కె, 10కె అని ఉంటాయి. కె అంటే వెయ్యి. చిన్న అంకె డమడమలాడే బరువు శబ్దం, పెద్ద అంకె సన్నటి శబ్దం. సుప్రభాతానికైతే నేను ఇలా మొదలుపెడతాను: 100 దగ్గర రెండు గీతలు కిందికి. 330 దగ్గర ఒకటి కిందికి, ఆ డమడమలో సగం అక్కడుంటుంది. 1కె మధ్యలోనే. 3.3కె దగ్గర ఒకటి పైకి, హల్లులు అక్కడ విడివిడిగా వినబడతాయి. పాత టేపు నుంచి సీడీకి ఎక్కించిన రికార్డింగైతే వెనక నూనెలో పోపు వేగినట్టు సన్నగా ఒక చప్పుడు ఉంటుంది. దానికి 10కె దగ్గర రెండు కిందికి. అంతకంటే దించితే తంబుర జీర పోతుంది, గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. రాసుకున్న కాగితం ఉంటే సెట్టు మర్చిపోయినా మీకు అర నిమిషం పని.

గీతలు పైకి తోయడం కంటే కిందికి లాగడమే మేలని ఎందుకంటున్నానంటే, శబ్దం కొలత డెసిబెల్లలో మూడు పెంచితే ఆంప్లిఫయరు రెట్టింపు శక్తి పెట్టాలి. పది పెంచితే పదింతలు. డబ్బా మీద రెండు వేల వాట్ల పీఎంపీఓ (క్షణంపాటు వచ్చే గరిష్ఠ శక్తి అని చెప్పుకునే అంకె) అని బంగారు అక్షరాల్లో ఉన్నా నమ్మకండి. ఆ అంకె అమ్మకానికి, చెవికి కాదు. వెనక చిన్న అక్షరాల్లో ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల శక్తి) అని ఇచ్చిందే అసలు లెక్క.

చివరగా, స్పీకర్లు ఎక్కడ పెట్టారు? ఇనప బీరువా మీదా? అయితే ముందు దించండి. బీరువా కూడా మృదంగంతో పాటు వాయిస్తుంది. గది మూలలోంచి ఒక అడుగు ముందుకు జరిపి, కింద నాలుగు మడతలు వేసిన పాత టర్కీ టవలు పరవండి. అప్పుడు 100 దగ్గర గీతలు దించాల్సిన పనే ఉండకపోవచ్చు.

ప్రశ్న: అన్నా, సెకండ్ హ్యాండ్‌లో విడి సీడీ ప్లేయర్, విడి ఆంప్లిఫయర్ కొన్నాను. ప్లేయర్లో బాస్, ట్రెబుల్ ఏమీ లేవు. నాకు నచ్చిన సౌండ్ ఎక్కడ సేవ్ చేయాలి? అమ్మినవాడు మోసం చేశాడా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, తరమణి

జవాబు: మోసమేం లేదు తమ్ముడూ. విడి ప్లేయరు పని సీడీలో ఉన్నది ఉన్నట్టు చదివి వెనక రెండు సాకెట్ల నుంచి పంపడమే. గట్టి శబ్దం దగ్గర దాదాపు రెండు వోల్టులు వస్తుంది. రుచికి ఉప్పూ కారం వేసేది ఆంప్లిఫయరు. దాని ముందర డైరెక్ట్ అని బటను ఉంటే చూడు. అది నొక్కి ఉంటే బాస్, ట్రెబుల్ నాబులు ఎంత తిప్పినా పనిచేయవు.

సేవ్ చేయడం అన్నావు చూడు, అక్కడ నువ్వు అదృష్టవంతుడివి. నీ నాబు ఎక్కడ తిప్పితే అక్కడే ఉంటుంది. కరెంటు పోనీ, తుఫాను రానీ, పదేళ్లు అటక మీద పడుండనీ. నాబు చుట్టూ ఉన్న చుక్కల్లో నీకు నచ్చిన దాని మీద చిన్న ముక్క టేపు అతికించుకో. పైన పెరంబూర్ అమ్మగారికి నేను అంత పొడుగు జవాబు రాయాల్సి వచ్చిందంటే, బటన్లొచ్చి నాబుల్ని మింగేయడం వల్లే.

తిప్పుతుంటే బరబర శబ్దం వస్తే అది మన సముద్రపు గాలి చేసిన పని. ప్లగ్గు పీకి, కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు నాబు కాడలోకి కొట్టి, ఇరవైసార్లు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పు. పూర్తిగా ఆరాకే ప్లగ్గు పెట్టు. కొబ్బరినూనె వేయకు. నవ్వకు, వేసి తెచ్చినవాళ్లు నాకు ముగ్గురు గుర్తున్నారు. ఒకాయన సెట్టు విప్పితే షాపంతా తలంటు వాసన.

ప్రశ్న: ఒక్కో సీడీకి ఒక్కో సెట్టింగు పెట్టుకుంటే, ఆ సీడీ వేయగానే అదే రావాలి. అలాంటి ప్లేయర్లు ఉన్నాయా?
— బ్యాంకు ఉద్యోగి, విల్లివాక్కం

జవాబు: దానికి దగ్గరగా వచ్చినవి ఉన్నాయి. ప్రతి సీడీకీ లోపలి అంచున ఒక విషయసూచిక ఉంటుంది. ఎన్ని పాటలు, ఒక్కోటి ఏ నిమిషం, ఏ సెకను, సెకనులో 75వ వంతుల్లో ఎక్కడ మొదలవుతుంది అని. సీడీ వేయగానే ఒకటి రెండు సెకన్లు గిర్రున తిరిగి ఊరుకుంటుందే, అప్పుడు చదివేది దాన్నే. రెండు సీడీలకి ఈ లెక్క అచ్చంగా ఒకేలా ఉండటం చాలా అరుదు. అందుకని యంత్రం దాన్నే ఆధార్ నంబరులా వాడుకుంటుంది. ఫిలిప్స్ వాళ్లు ఎఫ్‌టీఎస్ అని పెట్టారు. అది నచ్చిన పాటల నంబర్లని సీడీవారీగా గుర్తుపెట్టుకునేది. సోనీ పెద్ద ప్లేయర్లు కొన్నింట్లో కస్టమ్ ఫైల్ అని ఉండేది. సీడీకి పేరు రాసుకోవచ్చు, అక్కర్లేని పాటలు దాటించొచ్చు, కొన్ని మోడళ్లలో ఆ సీడీ శబ్దం ఎంతుండాలో కూడా పెట్టుకోవచ్చు. పాతది కొనేటప్పుడు ఈ మాటల కోసం ముందు పలక మీద వెతకండి.

ఒక చిక్కుంది. మీరు కంప్యూటర్లో కాపీ చేసుకున్న సీడీని అది వేరే సీడీ అనుకోవచ్చు. పాటకీ పాటకీ మధ్య రెండు సెకన్ల ఖాళీ చేరేలా రాస్తే విషయసూచిక అంకెలన్నీ జరిగిపోతాయి. మొత్తం డిస్క్ ఒకే ఊపులో రాసే పద్ధతి ఎంచుకోండి.

ప్రశ్న: రిమోట్ పనిచేయడం లేదు. ఈక్యూ బటను దాని మీదే ఉంది. ఏం చేయాలి?
— గృహిణి, ఆవడి

జవాబు: రిమోట్ ముక్కుని సెల్‌ఫోన్ ముందు కెమెరాకి చూపించి, ఏదైనా బటను నొక్కండి. ఫోను తెర మీద ఊదారంగు చుక్క మిణుకుమంటే రిమోట్ బాగానే ఉంది, సెట్టు ముందున్న కన్ను మీద దుమ్ము తుడవండి. ఒక్క ఈక్యూ నొక్కినప్పుడే మిణుకుమనకపోతే ఆ బటను కింద రబ్బరు అరిగింది. ఏ బటనుకీ మిణుకుమనకపోతే ముందు సెల్లులు తీసి, వాటి చివర పట్టిన తెల్లటి పొడి గీకి, కొత్తవి వేసి చూడండి.